కంజరి దాణా కర్మాగారము

నేటి గుజరాతులోని ఖేడా జిల్లాలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము 1946లో ఏర్పడెను. త్రిభువనదాసు పటేలు నాయకత్వమున రైతుల పాలకు నిలుకడైన గిరాకి కుదిరెను. అయినను గేదె కడుపు నింపుట వేరు, పాలు పెంచుట వేరు గదా! అందుచే సంఘమువారు ఆనందు పట్టణ సమీపమునగల కంజరిలో సొంత దాణా కర్మాగారమును నెలకొల్పిరి. చెక్క, తవుడు, చెరకు మడ్డి, ఖనిజ లవణములు పాళ్లు తప్పక కలిపిన దాణా పేదయింటి గేదెకును అందవలెనని వారి తలంపు.

1964 అక్టోబరు 31న ప్రధానమంత్రి లాల్‌బహదూరు శాస్త్రిగారు దానిని ప్రారంభించిరి. మిల్లు ప్రారంభముకంటె ముందునాటి రాత్రియే ముఖ్యమైనది. ఆయన అతిథి గృహమును కాదని, ఒక పల్లెలో రైతు ఇంట బసచేసి, ఇంటింటికి పోయి పాడిని గూర్చి విచారించిరి. అచటి నేల గాని, వానలు గాని, గేదెలు గాని ఇతర ప్రాంతములకంటె మేలైనవి కావనియు, పాలకేంద్రము రైతుల సొత్తగుటయే భేదమనియు ఆయనకు తోచెను. 1965లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఢిల్లీలో గాక ఆనందులోనే వెలసినది.