జీప్ చెరకీ ఏడబ్ల్యూ4 గేర్‌బాక్స్: గేర్ల లోపాల నిర్ధారణ

జీప్ చెరకీ ఎక్స్‌జే వాహనాల్లో 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనుకు జతగా 1987 మోడల్ నుంచి 2001 మోడల్ వరకు అమర్చిన నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఏడబ్ల్యూ4 అంటారు. జపాన్‌కు చెందిన ఐసిన్-వార్నర్ సంస్థ తయారుచేసిన ఈ గేర్‌బాక్సు మన్నికకు పేరుపొందింది. అందువల్ల పాతబడిన బండిలో గేర్లు జారినా, ఆలస్యంగా పడినా, దాన్ని విప్పే ముందే లోపం విద్యుత్ భాగంలో ఉందో, ఆయిల్ పీడనంతో పనిచేసే యాంత్రిక భాగంలో ఉందో తేల్చుకోవాలి.

మొదట ఆయిల్ చూడాలి. మట్టం తగ్గితే పంపు గాలిని లాగడం వల్ల పీడనం పడిపోయి గేర్లు జారతాయి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలి ఉండవచ్చు.

ఈ గేర్‌బాక్సులో ఏ గేరు పడాలో నిర్ణయించేది ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటరు. బండి వేగాన్నీ, లివరు స్థానాన్నీ, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో తెలిపే సెన్సర్ సంకేతాన్నీ బట్టి అది సొలెనాయిడ్లను, అంటే ఆయిల్ దారులను తెరిచి మూసే విద్యుత్ కవాటాలను నడుపుతుంది. వీటిలో రెండు గేర్లు మార్చడానికి, మూడోది టార్క్ కన్వర్టర్ లాకప్‌కు, అనగా ఇంజనును గేర్‌బాక్సుతో జారుడు లేకుండా బిగించడానికి ఉపయోగపడతాయి. మొదటి గేరులో ఒకటో సొలెనాయిడ్‌కూ, రెండో గేరులో రెండింటికీ, మూడో గేరులో రెండోదానికీ కరెంటు అందుతుంది. నాలుగో గేరులో ఏ ఒక్కదానికీ అందదు. ఈ అమరిక వల్లనే, ఖరీదైన పరికరమేదీ అక్కరలేని పరీక్ష ఒకటి సాధ్యమవుతోంది. ఇంజను ఆపి కంట్రోల్ యూనిట్ ఫ్యూజు తీసేసిన తరువాత, లివరు 1-2 స్థానంలో ఉంటే మొదటి గేరు, 3లో ఉంటే మూడో గేరు, డీలో ఉంటే నాలుగో గేరు పడాలి. చేతితో ఇలా మార్చినప్పుడు బండి జారకుండా నడిస్తే, యాంత్రిక భాగాలు చాలావరకు బాగున్నాయనీ, వెతకవలసింది వైరింగులో, సెన్సర్లలో, సొలెనాయిడ్లలోననీ రూఢి అవుతుంది. అయితే రెండో గేరూ, లాకప్పూ ఈ పరీక్షకు అందవు.

సొలెనాయిడ్ నిరోధం సుమారు 11 నుంచి 15 ఓములు ఉండాలి. 1987–1990 మోడళ్ల థ్రాటిల్ సెన్సరులో ఇంజనుకు ఒకటి, గేర్‌బాక్సుకు ఒకటి చొప్పున రెండు కనెక్టర్లు ఉంటాయి కనుక, ఇంజను చక్కగా నడుస్తున్నంత మాత్రాన ఆ సెన్సరును నిర్దోషిగా వదిలేయడం సరికాదు. లివరు స్థానాన్ని తెలిపే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ గేర్‌బాక్సు వెలుపల బురదకూ నీటికీ గురవుతూ ఉండటంతో దాని కాంటాక్టులు తుప్పుపడతాయి. పార్కులో స్టార్టు కాకపోవడం, రివర్సు లైట్లు వెలగకపోవడం దీనికి ఆనవాళ్లు.

ఫ్యూజు తీసినా జారుడు ఆగకపోతే థ్రాటిల్ వాల్వ్ కేబుల్ చూడాలి. ఏడబ్ల్యూ4లో గేరు ఎప్పుడు మారాలన్నది కంప్యూటరు నిర్ణయించగా, ఎంత పీడనంతో మారాలన్నది ఈ కేబులు నిర్ణయిస్తుంది. అది వదులైతే గేర్లు మెత్తగా పడి జారతాయి, మరీ బిగిస్తే కుదుపుతో పడతాయి. కేబులు సరిచేసినా మార్పు కనిపించకపోతేనే వాల్వ్ బాడీనీ, క్లచ్‌లనూ విప్పి పరిశీలించవలసి ఉంటుంది.