అడ్డా
‘జూదానికి అడ్డా’, ‘నేరాలకు అడ్డా’ వంటి పత్రికా శీర్షికల వల్ల చెడ్డ స్థావరమనే అర్థానికి కుదించుకుపోతున్న ‘అడ్డా’ నిజానికి శ్రమతో ముడిపడిన మాట. హిందీ, ఉర్దూలలో పక్షి వాలే కర్రకూ, బండ్లు ఆగే చోటుకూ, జనం గుమికూడే చోటుకూ పేరైన ఈ పదం తెలుగులోకి ఎరువు వచ్చినదే కాని, ధాన్యపు కొలత అయిన ‘అడ్డ’ కాదు. బెంగాలీలో ఇది తీరిక కబుర్ల కూటమి కాగా, హైదరాబాదులోని కూకట్‌పల్లి వంటి చోట్ల తెల్లవారేసరికి తాపీ, సున్నపు కుంచె, సద్ది డబ్బా పట్టుకున్నవారు మేస్త్రీ పిలుపు కోసం నిలబడే కూడలి, అంటే ఆ రోజు పనికి బేరం కుదిరే శ్రమ విపణి. ఆ బేరంలోని ‘కూలి’ ద్రావిడ పదం, దాని మొదటి అర్థం మనిషి కాదు, పనికి ఇచ్చే ప్రతిఫలం. ‘మేస్త్రీ’ పోర్చుగీసు నుంచి వచ్చింది. ఇక పనిచోటు సంగతికి వస్తే, 2011 జనగణన వ్యవసాయం, గృహపరిశ్రమ కాని పనులు చేసేవారిని ఇంటి నుంచి పనిచోటు ఎంత దూరమో, ఎలా వెళ్తారో అడిగింది; అయితే పనిచోటు రోజుకొకటిగా మారే అడ్డా కూలీకి స్థిరమైనది అడ్డా ఒక్కటే. కనుక నగర ప్రణాళికలు ఆ కూడలిని పనిచోటుగా గుర్తించి నీడ, మంచినీరు, మరుగుదొడ్డి కల్పించడం న్యాయం. ఆ మాటను నేరానికి పర్యాయపదం చేయకపోవడం భాష పాటించవలసిన మర్యాద.