మైనింగ్ రిగ్

క్రిప్టోకరెన్సీ మైనింగ్ కోసం కంప్యూటర్ భాగాలను విడివిడిగా కొని, ఇంట్లోనే బిగించుకునే యంత్రం మైనింగ్ రిగ్. లావాదేవీల బ్లాకును బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో చేర్చే పోటీలో ఇది రాత్రింబవళ్లు లెక్కలు కడుతుంది. సరైన జవాబు ముందుగా కనుక్కున్నవారికి కొత్త నాణేలు దక్కుతాయి.

చరిత్ర

2009లో బిట్‌కాయిన్ మొదలైనప్పుడు మామూలు ప్రాసెసరే సరిపోయేది. 2010లో గ్రాఫిక్స్ కార్డుల వాడకం మొదలైంది. 2013 నుంచి ఈ ఒక్క పనికే తయారైన ఏసిక్ చిప్‌లు మార్కెట్లోకి రావడంతో బిట్‌కాయిన్ పోటీలో ఇంటి రిగ్గులు వెనకబడ్డాయి. 2015లో వచ్చిన ఇథీరియం వాటికి మళ్లీ ఊపిరి పోసింది. దాని ఈథాష్ పద్ధతికి మెమరీ ఎక్కువ కావాలి కాబట్టి గ్రాఫిక్స్ కార్డులు బాగా పనికొచ్చాయి.

నిర్మాణం

అల్యూమినియం లేదా చెక్క చట్రం కింది అరలో మదర్‌బోర్డు, పవర్ సప్లై ఉంటాయి. పై అరలో గాలి ఆడేలా ఎడం ఎడంగా కార్డులు, సాధారణంగా ఆరు, బిగిస్తారు. ప్రాసెసర్, ర్యామ్ చవకవైనా చాలు. ఒక్కో కార్డునూ రైజర్ అనే చిన్న పలక, కేబుల్‌ల ద్వారా మదర్‌బోర్డుకు కలుపుతారు.

రైజర్‌కు కరెంటు ఇచ్చేచోట చాలా జాగ్రత్త అవసరం. కార్డు తన స్లాటు నుంచి 75 వాట్ల దాకా లాగవచ్చు. సాటా కనెక్టరు మాత్రం 12 వోల్టుల దగ్గర 54 వాట్లకు మించి తట్టుకోదు. సాటా అడాప్టరుతో రైజర్ నడిపితే కనెక్టరు కరిగి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పవర్ సప్లై నుంచి ఆరు పిన్నుల పీసీఐఈ కేబుల్‌ను నేరుగా ఇవ్వడమే సురక్షితం.

ఒంటరి రిగ్‌కు బ్లాకు దొరకడం అరుదు. అందుకే చాలామంది మైనింగ్ పూల్‌లో చేరి, చేసిన పనిని బట్టి వాటా తీసుకుంటారు.

ఖర్చు

ఆరు కార్డుల రిగ్ మొత్తం 800 వాట్లు వాడుతుందనుకుంటే రోజుకు సుమారు 19 యూనిట్లు, 30 రోజులకు 576 యూనిట్లు కాలుతాయి. యూనిట్ 8 రూపాయలైతే బిల్లు 4,608 రూపాయలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇళ్లకు వాడకం పెరిగేకొద్దీ శ్లాబు ధర కూడా పెరుగుతుంది. పైగా వాడిన కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఎండాకాలంలో ఫ్యాన్ల ఖర్చూ తోడవుతుంది.

ప్రస్తుత స్థితి

2022 సెప్టెంబరు 15న ఇథీరియం, లెక్కల పోటీ అక్కర్లేని ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారడంతో అందులో మైనింగే ఆగిపోయింది. భారతదేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో ఆదాయంపై 30 శాతం పన్ను ఉంది. మైనింగ్ పరికరాల ఖర్చును అందులోంచి మినహాయించుకునే వీలు లేదు. ఇంటి కరెంటు ధరకు రిగ్ నడిపి లాభం తీయడం నేడు చాలా కష్టం. కంప్యూటర్ నిర్మాణం నేర్చుకోవాలనుకునేవారికి ఇది మంచి సాధన. సంపాదన కోసమైతే అప్పు చేసి దిగదగ్గ పని కాదు.