పంచాయితీ కాగితం, వివాహ బంధం: కడప జిల్లా పడమటి తాలూకాల సంఘ చరిత్ర నుండి ఒక పరిశీలన

విశ్వాసులు తమ వ్యాజ్యాలను అన్యుల న్యాయసభకు తీసుకొనిపోవడాన్ని అపొస్తలుడైన పౌలు తప్పుపట్టాడు (1 కొరింథీ 6:1-8). ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో భార్యాభర్తల తగాదా వచ్చినప్పుడు సంఘ పెద్దలు తరచుగా ఎత్తిచూపే వాక్యభాగం ఇదే. దంపతులను కూర్చోబెట్టి సమాధానపరచడం వరకు ఇది సరైన ఆధారమే. స్టాంపు కాగితం రాయించి, సాక్షి సంతకాలు పెట్టించి, వివాహం రద్దయిందని చెప్పడానికి మాత్రం పౌలు ఆధారం కాడు. ఈ అలవాటుకు మూలం మరొక చోట ఉంది.

1800లో నైజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, ప్రజల తగాదాలు తీర్చడానికి కోర్టుకన్నా పంచాయితీయే తగినదని వాదించాడు. ఆయన ప్రోద్బలంతో 1816లో వచ్చిన మద్రాసు రెగ్యులేషన్లు గ్రామ మునసబుకు పది రూపాయల లోపు వ్యాజ్యాలు విచారించే అధికారమిచ్చాయి, గ్రామ పంచాయితీకి చట్టంలో చోటు కల్పించాయి. అయితే అవి డబ్బు, చరాస్తి తగాదాల కొరకు చేసినవి. పెండ్లి, మారుమనువు, విడుపు కులపెద్దల చేతిలోనే ఉండిపోయాయి. ఓలి లెక్క తేల్చి, తప్పు వేసి, పదిమందిలో విడిపించేవారు. ‘విడాకులు’ అనే మాటలో ‘ఆకు’ ఉండనే ఉంది. పత్రమన్నా ఆకే గదా!

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో సేవ ప్రారంభించింది. తరువాత జమ్మలమడుగు దాని ముఖ్య కేంద్రాలలో ఒకటయింది. పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగంలో ప్రధానంగా మాలపల్లెల నుండి కుటుంబాలు కుటుంబాలుగా సంఘంలో చేరాయి. వ్యక్తులు ఒక్కొక్కరుగా వచ్చి ఉంటే పాత కట్టుబాట్లు వెనుకనే నిలిచిపోయేవేమో. పల్లె పల్లెగా వచ్చినందువలన పెద్దరికం కూడా వారితో పాటే వచ్చింది. నిన్నటి కులపెద్ద నేడు సంఘపెద్ద అయ్యాడు. రచ్చకట్ట మీది పంచాయితీ గుడి వాకిట్లోకి మారింది.

చట్టం మాత్రం మరో దారిన నడిచింది. 1869 నాటి భారత విడాకుల చట్టం క్రైస్తవుల వివాహాన్ని కోర్టు మాత్రమే రద్దు చేయగలదన్నది. భర్త భార్య వ్యభిచారాన్ని నిరూపిస్తే చాలు. భార్య అయితే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేండ్ల పరిత్యాగమో కూడా చూపవలసి ఉండేది. జిల్లా జడ్జి ఇచ్చిన డిక్రీని హైకోర్టు ధృవీకరించాలి. జమ్మలమడుగు కూలి మనిషి మొదట కడపకు, ఆ తరువాత మద్రాసుకు వ్యాజ్యం నడపాలన్నమాట. 1954 నుండి అది గుంటూరు, 1956 నుండి హైదరాబాదు. ఇంత దూరం నడిచే స్థోమత ఎవరికుంది? పంచాయితీ కాగితం నిలబడింది జనం అజ్ఞానం వలన కాదు, కోర్టు దూరం వలన అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక వ్యత్యాసం గమనించాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం, 29వ సెక్షనులో, ఆచారాన్ని బట్టి వచ్చే విడాకులను కాపాడింది. అదే పల్లెలో పక్క ఇంటివారి కులపంచాయితీ విడాకులు, ఆచారం రుజువైతే, చెల్లవచ్చు. క్రైస్తవునికి ఆ వాకిలి లేదు. 1996లో కేరళ నుండి వచ్చిన కేసులో సంఘ న్యాయసభ ఇచ్చిన వివాహ రద్దు చట్టరీత్యా చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది; 2017లో అదే మాట మళ్లీ చెప్పింది. వ్రాతపూర్వక నియమావళి, విచారణ పద్ధతి గల సంఘ న్యాయసభల గతే అది అయితే, మన పెద్దల కాగితం మాటేమిటి?

నష్టం ఎక్కువగా స్త్రీకే. కాగితం మీద ఏకమొత్తం తీసుకొని పుట్టింటికి పోయిన ఆమె చట్టం దృష్టిలో ఇంకా భార్యే. అతడు మరల పెండ్లాడితే ఆ రెండవ ఆమెకు భార్య హోదా లేదు, అతనిది ద్వివివాహ నేరం. ఆ పెండ్లి జరిపించిన కాపరి సంగతి కూడా ఆలోచించాలి: 1872 క్రైస్తవ వివాహ చట్టం 60వ సెక్షను ప్రకారం వధూవరులిద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య గాని భర్త గాని ఉండరాదు.

2001 సవరణ చట్టం ఈ చరిత్రను మార్చింది. హైకోర్టు ధృవీకరణ తొలగింది, స్త్రీపురుషులకు కారణాలు దాదాపు సమానమయ్యాయి. కొత్త 10ఎ సెక్షను క్రింద రెండేండ్లు విడిగా ఉన్న దంపతులు పరస్పర అంగీకారంతో కలిసి జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ గడువును ఏడాదిగా చదవాలని 2010లో కేరళ హైకోర్టు అన్నది. పెద్దలు కుదిర్చిన భరణం, పిల్లల పోషణ, సామాను పంపకం షరతులను ఆ దరఖాస్తులోనే చేర్చవచ్చు. పెద్దల శ్రమ వృథా కాదు.

1987 న్యాయసేవల చట్టం 1995లో అమలుకు వచ్చింది. లోక్ అదాలత్‌లో కుదిరిన భరణం రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. ఈ మూడు పట్టణాలలోనూ కోర్టులున్నాయి గనుక దూరం అనే పాత సాకు చాలావరకు పోయింది. అయితే 2009 నిబంధనలు విడాకుల విషయాన్ని లోక్ అదాలత్‌కు పంపరాదన్నాయి. చట్టం ఏర్పరచిన రాజీ వేదికకే లేని అధికారం గుడి వాకిట్లో పంచాయితీకి ఉండదు.

రికార్డులలో హిందువులుగా ఉండి గుడిలో పెండ్లి చేసుకున్న కుటుంబాలకు ఏ చట్టం వర్తిస్తుందన్నది చిక్కు ప్రశ్న. అటువంటివారు వచ్చినప్పుడు పెద్దలు కాగితం మొదలుపెట్టక ముందే న్యాయవాది దగ్గరకు పంపాలి.