ఊపిరినే నమ్ముకున్న గొంతు

తెలుగునాట ఏ ఊళ్లో పదో తరగతి బ్యాచ్ కలుసుకున్నా మైకులో ముందు మోగే పాట 'గుర్తుకొస్తున్నాయి'. నెత్తి నెరిసినవాళ్లు, అమ్మమ్మలైనవాళ్లు ఆ పాట వింటూ కళ్లు తుడుచుకుంటారు. ఆ గొంతు తెలుగువాడిది కాదు. ఢిల్లీలో పుట్టిన మలయాళీ కృష్ణకుమార్ కున్నత్, అందరి నోటా కేకే. 2004 ఒక్క ఏడాదిలోనే ఈ పాటతో పాటు 'ఆర్య'లో 'ఫీల్ మై లవ్', 'ఘర్షణ'లో 'చెలియ చెలియా' మనకిచ్చాడు. 'ఇంద్ర'లో చిరంజీవి వీణ స్టెప్పు వేసిన 'దాయి దాయి దామ్మా' కూడా ఆయన పాడిందే.

గురువు దగ్గర కూర్చుని సంగీతం నేర్చుకోలేదాయన. సినిమాల్లోకి రాకముందు ప్రకటనలకు వేల జింగిల్స్ పాడాడు. 1999లో 'హమ్ దిల్ దే చుకే సనమ్'లోని 'తడప్ తడప్'తో దేశమంతా ఆయన వైపు తిరిగింది. ఆ పాట పైస్థాయికి ఎక్కేచోట ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో ఎంత చెవి పెట్టినా దొరకదు. ఆ ఊపిరే ఆయన ఆస్తి.

2022 మే 31 సాయంత్రం. కోల్‌కతా నజ్రుల్ మంచలో గురుదాస్ కాలేజీ ఫెస్ట్. రెండున్నర వేల మంది కూడా పట్టని హాలుకు జనం విరగబడ్డారు. ఆ రాత్రి ఫోన్లలో తీసిన వీడియోలు చూడాలంటే గుండె చిక్కబట్టుకోవాలి. పాటకీ పాటకీ మధ్య వెనక్కి వెళ్తాడు. తువ్వాలుతో నెత్తీ ముఖం తుడుచుకుంటాడు. పైనున్న లైట్ల వైపు చేయి చూపిస్తాడు. మళ్లీ మైకు అందుకుని నవ్వుతాడు. ఆఖరున తన మొదటి ఆల్బమ్‌లోని 'పల్' పాడాడు.

హోటలుకు వెళ్లే దారిలో చలేస్తోందన్నాడట, కాళ్లూ చేతులూ లాగుతున్నాయన్నాడట. గదికి చేరాక కుప్పకూలాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పటికే ప్రాణం పోయిందన్నారు. 53 ఏళ్లు.

పోస్ట్‌మార్టంలో గుండె ఎడమవైపు ప్రధాన రక్తనాళంలో పెద్ద పూడిక కనిపించింది. ఆయన యాంటాసిడ్ మాత్రలు వాడుతుండేవాడని కూడా బయటపడింది. మన ఇళ్లలో మాత్రం ఏం తక్కువ? ఛాతీలో మంటంటే 'గ్యాస్ అయ్యుంటుందిలే' అంటాం, ఒక మాత్ర చేతిలో పెడతాం. ఆ తర్వాత పత్రికల్లో ఓ డాక్టరు మాట వచ్చింది: స్పృహ తప్పిన వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి గుండెను ఆడించే ప్రయత్నం, చేసి ఉంటే బతికేవాడని.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. పక్కనున్నవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కళ్ల ముందు మనిషి పడిపోతే మనకు తెలిసిందేమిటి? ముఖాన నీళ్లు కొట్టడం, అరచేతులు రుద్దడం, మూర్ఛేమోనని తాళంచెవులు గుప్పిట్లో పెట్టడం, 'గాలి ఆడనివ్వండి' అని అరవడం. ఎగశ్వాస వస్తుంటే ఊపిరి ఆడుతోందిలే అని ధైర్యం చెప్పుకుంటాం. అక్కడే ఘోరంగా మోసపోతాం. గుండె ఆగిన మనిషి కొన్ని నిమిషాలు అలా గురకపెట్టినట్టు శబ్దం చేయొచ్చు.

గుండె ఆగాక నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చోవాలి. ఛాతీ మధ్య అరచేతి మొదలు ఆనించి, రెండో చేయి దానిపై వేసి, మోచేతులు వంచకుండా ఐదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మధ్యలో ఆపకూడదు. ఊళ్లో బోరింగు కొట్టినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది: చేయి ఆపితే ఎక్కిన నీళ్లు జారిపోతాయి, మళ్లీ పైకి రావాలంటే ఎన్నో దెబ్బలు వేయాలి. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడతారు. విరిగితే అతుక్కుంటుంది.

కేకే పోయిన తొమ్మిది నెలలకు, 2023 ఫిబ్రవరిలో, హైదరాబాద్ ఆరాంఘర్ బస్టాప్‌లో ఒకాయన కుప్పకూలాడు. డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు పక్కనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాడు. ఆపలేదు. మనిషిలో కదలిక వచ్చింది, ఆసుపత్రికి తరలించారు. ఆ వీడియో చూసినప్పుడు సంతోషం కంటే ముందు నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ కానిస్టేబుల్ దగ్గర ఆ క్షణాన ఉన్నవి రెండు చేతులే. కోల్‌కతాలో అభిమానుల చేతులు ఎన్ని వేలు లేచి ఊగాయో!

కేకే పోయిన మర్నాడు కోల్‌కతా రవీంద్ర సదన్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తుపాకులు పేల్చి గౌరవ వందనం చేసింది. జూన్ 2న ముంబైలో దహనం జరిగింది. హాల్లో ఏసీ పనిచేసిందా లేదా, అంతమందిని లోపలికి ఎవరు వదిలారు అని నాయకులూ ఛానళ్లూ తగువులాడారు. అడగాల్సిన ప్రశ్నలే అవి. కానీ ఆ గదిలోనో, ఆ హోటల్లోనో, ఛాతీ నొక్కడం తెలిసిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా అన్న ప్రశ్న ఆ గోలలో నాకు వినిపించలేదు.