టైరుకి ముసుగు, రిమ్ముకి రంగు

నెల్లూరు వైపు మైపాడు, కోడూరు, తుమ్మలపెంట లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో పాత కారు వయసు రిమ్ములు చెప్పేస్తాయి. ఇక్కడి గాలిలో ఏడాది పొడుగునా ఉప్పు ఉంటుంది. ఉప్పుకి తేమని పట్టి ఉంచే గుణం ఉంది. కంకరరాయి ఎగిరి తగిలి రంగు మీద సన్నగా గీత పడితే చాలు, ఆ తేమ ఇనుము దాకా చేరుతుంది. ఇక తుప్పు రంగు అడుగునే పాకుతుంది. పైకి కనిపించేది చిన్న బుడగే. దాన్ని గోటితో గిల్లితే రూపాయి బిళ్లంత పెచ్చు ఊడొస్తుంది.

బాడీకి పాలిష్ పెడతారు, కవరు కప్పుతారు. రిమ్ము మాత్రం ఇసుకలో, బురదలో, బ్రేకుల వేడిలో తిరగాల్సిందే. అందుకే అంబాసిడరో, ఫియట్టో, స్టాండర్డ్ హెరాల్డో ప్రేమగా దాచుకున్నవాళ్లు ఈ తీరంలో రిమ్ముల రంగుని వాయిదా వెయ్యకూడదు. ఆ పనిలో రంగు కొట్టడం కన్నా, రంగు పడకూడని చోటుని మూసిపెట్టడమే కష్టం. అలా మూసిపెట్టే పద్ధతి మన షెడ్ల దాకా వచ్చిన దారి చాలా పెద్దది.

నెల్లూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మోటారు ముచ్చట ఏదైనా మౌంట్ రోడ్డు నుంచే రావాలి. అక్కడి సింప్సన్ కంపెనీ 1840లో గుర్రబ్బండ్ల తయారీతో మొదలైంది. ఆ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరితో నడిచే కారునే తయారుచేశాడు. గుర్రబ్బండ్ల రోజుల్లో రంగంటే కుంచె పనే. నూనె రంగు, దాని మీద వార్నిషు, ఒక పూత ఆరాక ఇంకో పూత. మొత్తం పని పూర్తయ్యేసరికి వారాలు పట్టేది. చక్రం మీద గుండ్రంగా గీత లాగాలంటే దాన్ని ఇరుసు మీద ఎత్తి నెమ్మదిగా తిప్పేవాళ్లు. కుంచె పట్టిన చెయ్యి కదలదు, చక్రమే తిరుగుతుంది. అంత నిలకడగల చేతికి ముసుగుల అవసరం రాలేదు.

అవసరం తెచ్చిపెట్టింది స్ప్రే గన్. దాని మూలం మందుల గదిలో ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం టొలీడోలో అలెన్ డెవిల్బిస్ అనే వైద్యుడు గొంతులోకి మందు చిమ్మడానికి ఒక పరికరం చేశాడు. ఆయన కొడుకు థామస్ 1907 ప్రాంతంలో ఆ ఉపాయాన్నే రంగు చిమ్మడానికి మలిచాడు. ఆ మరుసటేడే ఇంగ్లండులో జోసెఫ్ సాంకీ కంపెనీ చెక్క ఆకుల చక్రానికి బదులు ఉక్కురేకుని అచ్చులో నొక్కి చేసిన చక్రం తెచ్చింది. 1923లో జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్లండ్ కార్ల మీదికి డ్యూపాంట్ కంపెనీ డ్యూకో రంగు ఎక్కింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. రెండు రంగుల కార్ల మోజు కూడా అప్పుడే ఊపందుకుంది. కానీ గన్ నుంచి వచ్చే రంగు పొగమంచులా నాలుగు వైపులా పడుతుంది. ఒక రంగు కొట్టేటప్పుడు రెండోదాన్ని కాపాడేదెలా?

ఇక్కడ రిచర్డ్ డ్రూ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సెయింట్ పాల్ నగరంలో త్రీఎమ్ కంపెనీ అప్పట్లో గరుకు కాగితాలు అమ్మేది. నీళ్లలో తడిపినా చెడని కాగితాన్ని ఫ్రాన్సిస్ ఓకీ అనే సిరా తయారీదారు కనిపెడితే, ఆ కంపెనీ 1921లో బజారుకి తెచ్చింది. మన షెడ్లలో ఇవాళ్టికీ వాడే వాటర్ పేపరు ఆ కోవలోదే. దాన్ని పరీక్షకి ఇవ్వడానికి ఒక కార్ల షెడ్డుకి వెళ్లిన త్రీఎమ్ ఉద్యోగి డ్రూ అక్కడ పెయింటర్లు తిట్టుకోవడం విన్నాడు. వాళ్లు అంటించిన పట్టీలు ఊడదీస్తుంటే, అప్పుడే వేసిన కొత్త రంగు కూడా లేచి వచ్చేస్తోంది. డ్రూ పెయింటరు కాడు, రసాయన శాస్త్రంలో పట్టా ఉన్నవాడూ కాడు. అయినా ఆ సమస్యని వదల్లేదు. ముడతల కాగితానికి, ఒత్తితే అంటుకుని లాగితే సులువుగా వచ్చేసే జిగురు పూసి, 1925లో మాస్కింగ్ టేపు సిద్ధం చేశాడు. గుండ్రటి అంచు వెంబడి వంగి కూర్చోవడానికి ఆ ముడతలే కారణం. రిమ్ముకి టేపు అతికించి చూసినవాళ్లకి వాటి విలువ తెలుస్తుంది.

మన వైపు ఉక్కు చక్రాల తయారీకి మద్రాసు పాడిలో 1960లో పుట్టిన వీల్స్ ఇండియా పెద్ద పేరు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది గానీ రోడ్ల మీద మిగిలిన బళ్లకి రంగుపని ఆగలేదు.

టైరు విప్పించి రిమ్ముకి విడిగా రంగు వేయించడమే సరైన పద్ధతి. ఉప్పుగాలి ఊళ్లలో టైరు కూర్చునే అంచు కిందే తుప్పు దాక్కుంటుంది. ట్యూబు టైర్లలో ఆ పెచ్చులు ట్యూబుని కోసేస్తాయి. పైపైన రంగు వేస్తే ఆ చోటు అలాగే ఉండిపోతుంది. టైరు తియ్యడం కుదరనప్పుడు పేకముక్కలు అక్కరకొస్తాయి. గాలి తీసేసి, టైరు అంచుని లోపలికి నొక్కి, రిమ్ముకీ టైరుకీ మధ్య ముక్కలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా చుట్టూ గుచ్చాలి. మిగిలిన టైరుకి పాత పేపరు, టేపు. వాల్వుకి విడిగా టేపు చుట్టాలి. కొందరు టైరుకి గ్రీజు పూస్తారు. రంగు టైరుకి అంటదు, నిజమే. కానీ ఆ జిడ్డు వేలితో రిమ్ము మీదికి చేరిందంటే అక్కడా అంటదు, గుంటలు పడతాయి. నా ఓటు పేకముక్కలకే.

రంగు ఎంపికలో ఒక మాట. ఇప్పటి పెర్ల్ రంగుల్లో తళుకు చాలావరకు అభ్రకం పొడిది. గూడూరు, సైదాపురం గనుల పేరు ప్రపంచానికి తెలిసింది ఆ అభ్రకంతోనే. అయినా అంబాసిడర్ రిమ్ముకి పెర్ల్ నప్పదు. మామూలు సిల్వరే దాని అందం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువైతే డ్యూకో ఆరేటప్పుడు తెల్లబారి మెరుపు పోతుంది. సంక్రాంతి దాటాక ఎండలు ముదరకముందు మంచి అదను. టేపుని రంగు పూర్తిగా గట్టిపడకముందే, వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగాలి. నట్లు కూర్చునే ఏటవాలు గుంతల్నీ, హబ్బుకి ఆనుకునే ముఖాన్నీ కూడా ముందే టేపుతో మూసెయ్యాలి. అక్కడ రంగు మందంగా పేరుకుంటే, బండి నడిచే కొద్దీ అది నలిగి నట్లు వదులవుతాయి. చక్రాలు బిగించాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి, స్పానరు పట్టుకుని ప్రతి నట్టునీ మళ్లీ ఒకసారి బిగించుకోండి.