దండెం తీగతో దూరదేశాలకు

మేడ మీద రెండు గడల మధ్య తీగ కట్టి ఉంటే చూసినవాళ్లు దండెం అనుకుంటారు. ఆ ఇంట్లో హామ్ రేడియో ఆపరేటరు, అంటే ఇష్టం కొద్దీ రేడియోలో దూరదూరాలతో మాట్లాడే అమెచ్యూరు, ఉంటే మాత్రం అది డైపోల్ యాంటెనా కావచ్చు. తీగ సరిగ్గా నడిమికి తెగి ఉంటుంది. తెగిన చోట ఒక కేబుల్ తగిలించి ఉంటుంది, అది కిందికి వేలాడుతూ గదిలోకి దిగుతుంది. లెక్క కూడా చిన్నదే. 143ని మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే తీగ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడాలంటే సుమారు 20 మీటర్లు, అంటే అటు పది, ఇటు పది. కరెంటు సామాన్ల కొట్లో దొరికే రాగి తీగ, నైలాన్ తాడు, చివర్లకు పీవీసీ పైపు ముక్కలు చాలు.

హామ్ రేడియో నూరేళ్ల చరిత్రలో ట్రాన్స్‌మిటరూ రిసీవరూ మెల్లగా ఫ్యాక్టరీల చేతికి వెళ్లిపోయాయి. యాంటెనా మాత్రం ఆపరేటరు చేతిలోనే మిగిలింది. డబ్బు లేకపోవడం ఒక్కటే దానికి కారణమని నేను అనుకోను. యాంటెనాకు కావలసినవి పొడవు, ఎత్తు, జాగా. ఈ మూడింటినీ డబ్బాలో పెట్టి అమ్మడం ఎవరివల్లా కాదు. ఎవరి పెరడు వాళ్లు కొలుచుకోవాలి, ఎవరి చెట్టు వాళ్లు చూసుకోవాలి.

ఈ తీగ వంశం 1887లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మొదలైంది. హైన్రిచ్ హెర్ట్జ్ రెండు రాగి తీగలను ఎదురెదురుగా పెట్టి, బయటి చివర్లకు జింకు గోళాలు తగిలించి, నడుమ సన్నని సందులో నిప్పురవ్వ రగిలించాడు. దూరంగా పట్టుకున్న మరో తీగ చుట్టలో, మధ్యలో ఏ తీగా కలపకుండానే, చిన్న రవ్వ మెరిసింది. గోళాలు తీసేసి చూస్తే అది మన డైపోలే. ఇంకొన్నేళ్లకు కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల తరంగాలతో ప్రయోగాలు చేస్తూ కొమ్ము ఆకారపు యాంటెనాను వాడాడు. అది వేరే దారి, మైక్రోవేవ్‌ల దారి.

మార్కోనీ ఒక కొసను భూమిలోకి దించాడు, రెండో కొసను పైకెత్తాడు. ఎత్తు పెరిగిన కొద్దీ దూరం పెరిగింది. అట్లాంటిక్ దాటించడానికి ఇంగ్లండ్‌లోని పోల్డూలో 20 స్తంభాలను వలయంగా నిలబెట్టించాడు, ఒక్కొక్కటి 200 అడుగులు. 1901 సెప్టెంబరులో గాలివానకు అవన్నీ కూలిపోయాయి. రెండు స్తంభాలతో సర్దుకుని, ఆవలి ఒడ్డున న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక గాలిపటానికి సుమారు 150 మీటర్ల తీగ కట్టి ఎగరేశారు. డిసెంబరు 12న మూడు చుక్కల మోర్స్ సంకేతం ఆ తీగ మీదనే విన్నానని మార్కోనీ ప్రకటించాడు. అంత ఖర్చుతో కట్టినది కూలిపోయిన ఏడాదే గాలిపటం తోక పనికొచ్చింది. ఇప్పటికీ పొలాల్లోనో సముద్రపొడ్డునో క్యాంపు వేసిన హామ్‌లు గాలిపటంతో తీగ ఎత్తుతూనే ఉన్నారు.

అసలు మలుపు 1912లో వచ్చింది. అమెరికాలో కొత్త రేడియో చట్టం అమెచ్యూర్లను 200 మీటర్లు, అంతకంటే పొట్టి తరంగాలకు పరిమితం చేసింది. దూరానికి పొడవాటి తరంగాలే గతి అని అప్పటి నిపుణుల నమ్మకం. పనికిరాని బంజరు అనుకున్నదాన్ని అమెచ్యూర్లకు వదిలేశారు. కానీ తరంగం పొట్టిదైతే యాంటెనా కూడా పొట్టిదవుతుంది. వేల మీటర్ల తరంగానికి కంపెనీలు ఊరంత ఆవరణలో ఉక్కు స్తంభాలు లేపాల్సి వచ్చేది. 40 మీటర్ల తరంగానికి పెరటి చెట్లు రెండు చాలు. ఆ బహిష్కారమే యాంటెనాను సామాన్యుడి పెరట్లోకి తెచ్చిందని నా అభిప్రాయం.

బంజరు పండింది. 1921 డిసెంబరులో అమెరికా హామ్‌ల తరఫున పాల్ గాడ్లీ స్కాట్లాండ్ వెళ్లాడు. అర్డ్రోసాన్ తీరాన, చలిలో, గుడారం వేసుకుని, పొట్టి గుంజల మీద వందల అడుగుల తీగను అట్లాంటిక్ వైపు పరిచాడు. బెవరేజ్ యాంటెనా అంటే ఇదే. ఎత్తు లేని లోటును అది పొడవుతో తీర్చుకుంటుంది. కనెక్టికట్ నుంచి హామ్‌లు పంపిన సందేశం ఆ తీగ మీద వినిపించింది. రెండేళ్లకు, 1923 నవంబరులో, ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియోన్ డెలోయ్, కనెక్టికట్ నుంచి ఫ్రెడ్ ష్నెల్ సుమారు 100 మీటర్ల మీద రెండువైపులా మాట్లాడుకున్నారు. మన దేశంలో అమరేంద్ర చంద్ర గుప్తు 1921లోనే కలకత్తా నుంచి 2జేకే అనే కాల్‌సైన్‌తో గాలిలోకి వచ్చాడు.

అటు తర్వాత తీగ రకరకాల వేషాలు వేసింది. 1929లో లోరెన్ విండమ్ తీగను నడిమికి కొయ్యకుండా, ఒక పక్కగా కనెక్షన్ ఇచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1946లో లూయీ వార్నీ 102 అడుగుల తీగతో చాలా బ్యాండ్లకు పనికొచ్చే జీ5ఆర్‌వీ రూపొందించాడు. దాన్ని ఇప్పటికీ కడుతున్నారు.

వీటన్నిటికంటే నాకు విడ్డూరంగా తోచేది జపాన్ కథ. సెండాయ్‌లోని తొహొకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, ఆయన ప్రొఫెసరు హిదెత్సుగు యాగీ 1926లో ఒక అమరికను వెల్లడించారు. డైపోల్ వెనక కాస్త పొడుగు కడ్డీ, ముందు కాస్త పొట్టి కడ్డీ. ఆ రెండింటికీ ఏ కేబులూ ఉండదు. మధ్య కడ్డీ నుంచి వచ్చిన తరంగం వాటిలో కరెంటు పుట్టిస్తుంది, అవి మళ్లీ తరంగాలు విడుస్తాయి. పొడవుల్లో తేడా వల్ల ఆ తరంగాలు ముందువైపు కలిసొస్తాయి, వెనకవైపు చాలావరకు రద్దవుతాయి. ఉత్త కడ్డీ ముక్క ఉన్న శక్తిలో చాలాభాగాన్ని ఒక దిక్కుకు మళ్లిస్తుంది. పెద్ద పని చేసినవాడు ఉదా, లోకంలో నిలిచిన పేరు యాగీది. ఇది నాకు బాధగానే ఉంటుంది. సొంత దేశం కూడా ఆ అమరికను పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌లో జపాన్ సైన్యానికి ఒక బ్రిటిష్ రాడార్ నోటుపుస్తకం దొరికిందనీ, అందులో మాటిమాటికీ వచ్చే ‘యాగీ’ అంటే ఏమిటని యుద్ధఖైదీని అడిగితే, అది మీ ప్రొఫెసరు పేరేనని అతను చెప్పాడనీ అంటారు.

ఆ అమరికే తర్వాత తెలుగువాళ్ల మేడలన్నిటి మీదకూ వచ్చింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక, అల్యూమినియం కడ్డీల యాగీ లేని డాబా అరుదైపోయింది. అన్న పైన గొట్టం తిప్పుతూ ‘వచ్చిందా?’ అని అరవడం, చెల్లి కింద కిటికీలోంచి ‘రాలే, ఇంకొంచెం ఇటు!’ అనడం. యాంటెనాకు దిక్కు ఉంటుందని ఒక తరమంతా చేతులతో నేర్చుకుంది. దానికి ముందు 1975లో, సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం కోసం ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలను ఎంచుకున్నారు, అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. అక్కడ పెట్టిన 3 మీటర్ల డిష్‌లను కోళ్లగూటికి కట్టే ఇనప వలతో చేశారు. ఆ ఉపగ్రహం నుంచి వచ్చే 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. వల కన్ను అంతకంటే బాగా చిన్నది కాబట్టి తరంగానికి అది రేకు గోడలాగే ఉంటుంది.

వెదురు కథ కూడా చెప్పుకోవాలి. 1940ల మొదట్లో ఈక్వెడార్ రాజధాని కీటోలో ఒక క్రైస్తవ ప్రసార కేంద్రం యాగీ పెట్టింది. కీటో ఎత్తు 2,800 మీటర్ల పైన, గాలి పలచన. కడ్డీల కొసల దగ్గర వోల్టేజి పేరుకుని, మంటలాంటి వెలుగు లేచి, అల్యూమినియం కరిగిపోయేది. క్లారెన్స్ మూర్ అనే ఇంజనీరు కొసలే లేకుండా తీగను చదరంగా మూసేశాడు. అదే క్వాడ్. దాన్ని హామ్‌లు అందుకున్నారు. వెదురు బద్దలను నాలుగు దిక్కులకూ చాచి, చుట్టూ తీగ లాగితే సరి. 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు ఒక్కో భుజం సుమారు 5.4 మీటర్లు. అల్యూమినియం గొట్టాల ఖర్చు లేకుండానే యాగీతో పోటీపడే యాంటెనా తయారవుతుంది.

మన దగ్గర హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. అది నిర్వహించిన బృందమే భారతీ ప్రసాద్ నాయకత్వంలో 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది. ప్రపంచ హామ్‌లకు ఆ అరుదైన దీవులను వినిపించడం కోసం పోర్ట్ బ్లెయిర్‌లో యాంటెనాలు ఎత్తారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు తెగిపోయాయి. ఆటకోసం ఎత్తిన ఆ యాంటెనాలే దీవుల సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేశాయి.

మరుసటి ఏడాది మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ మోసుకెళ్లినవాటిలో హామ్‌ల కోసం చేసిన 42.5 కిలోల ఉపగ్రహం హామ్‌శాట్ ఒకటి. 435 మెగాహెర్ట్జ్ మీద విని 145 మీద తిరిగి పలికేది. 2014 వరకు పనిచేసింది. చేత్తో పట్టుకునే యాగీని ఉపగ్రహం వెంట తిప్పుతూ హామ్‌లు దాని మీద మాట్లాడుకున్నారు. అలాంటి యాగీకి చవకైన రూపం స్టీలు కొలత టేపుతో చేసినది. పీవీసీ పైపుకు మూడు టేపు ముక్కలు బిగించాలి. 145 మెగాహెర్ట్జ్‌కు వెనకది సుమారు 105 సెంటీమీటర్లు, ముందుది 89, మధ్యది రెండు ముక్కలుగా 45 చొప్పున. దాచిన ట్రాన్స్‌మిటరును వెతికే ఆటలో తుప్పల్లో దూరితే టేపు వంగుతుంది, బయటికి రాగానే నిటారుగా నిలుస్తుంది.

కొలిచే సాధనమే చాలాకాలం కష్టంగా ఉండేది. ఒకప్పుడు చిన్న బల్బు వెలుగును చూసి కరెంటు ఎక్కడ ఎక్కువో పోల్చుకునేవారు. తర్వాత, యాంటెనా నుంచి వెనక్కి తిరిగొచ్చే శక్తి ఎంతో తెలిపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్లు వచ్చాయి. 2019 ప్రాంతంలో అరచేతిలో ఇమిడే నానోవీఎన్ఏ చవకగా దొరకడం మొదలైంది. తీగ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పలుకుతోందో గీత గీసి చూపిస్తుంది. ప్రయోగశాల పరికరం పెరట్లోకి రావడం ఈ చరిత్రలో చిన్న సంగతి కాదు.

ఎత్తు చాలదని దిగులుపడేవాళ్లకు ఒక మాట. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ ఆరేడు మీటర్ల ఎత్తులోనే ఉంటే, తరంగం దాదాపు నిట్టనిలువునా వెళ్లి అయనావరణం నుంచి వెనక్కి పడుతుంది. అమెరికా అందకపోవచ్చు గాని, పగటిపూట మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు ఊళ్లు బాగా పలుకుతాయి. తుపాను వేళ కావలసింది ఆ దూరమే. కరెంటు తీగల దరిదాపుల్లో మాత్రం ఏ తీగా ఎగరేయకండి, ఉరుములు మొదలైతే కేబుల్ ఊడదీయండి.

మా డైపోల్ కొబ్బరిచెట్టుకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య ఉంది. లెక్కకు వచ్చినదానికంటే అటూ ఇటూ జానెడు చొప్పున ఎక్కువ ఉంచి కోశాను. ఆ మిగులును తెంచకుండా, కొద్దికొద్దిగా వెనక్కి మడిచి తీగకే చుడుతూ మీటరు చూసుకున్నాను. 7.1 దగ్గర గీత దిగింది. చెట్టు గాలికి ఊగి తీగ సాగినప్పుడల్లా ఆ మడతలే విప్పి మళ్లీ సర్దుతున్నాను.